ఖాళీ సీసా లెక్క

నేను కడిగిన గాజు సీసాలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. ఆసుపత్రి వెనక భవనంలో, మూడో అంతస్తులోని పరిశోధనశాలలో సీసాలు కడగడం ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం. డాక్టర్లు మారారు, బల్లలు మారాయి, కొళాయి దగ్గర నేను మాత్రం మారలేదు. మరక చూపించినవాళ్ళకి నా ఉద్యోగం రాసిస్తానని పందెం వేసి తిరిగేదాన్ని. ఇంత పొగరున్న మనిషికి దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

నాలుగేళ్ళ కిందట ఒక అమ్మాయి పీహెచ్‌డీ చెయ్యడానికి మా దగ్గరికి వచ్చింది. మైక్రోస్కోపు మీదికి వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయి ఉండేది. కొంగపిల్ల అని నేనే పేరు పెట్టాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోకుండా నన్ను పిన్నీ అని పిలిచేది. పేగు కాన్సరు గడ్డల్లో ప్లాస్టిక్ ఉందేమో వెతకడం ఆమె పని. కంటికి ఆననంత చిన్న ప్లాస్టిక్ నలుసులు గాలితోనూ నీళ్ళతోనూ తిండితోనూ అందరి ఒంట్లోకీ పోతున్నాయట. పోయినవి ఊరికే పడి ఉంటాయా, కాన్సరు లాంటి రోగానికి దారితీస్తాయా అంటే మాత్రం ఎంత చదువుకున్నవాళ్ళయినా "కావచ్చు" అని అక్కడే ఆగిపోతున్నారట. ఆ "కావచ్చు"ని ఒక్క అడుగైనా ముందుకు జరపాలని కొంగపిల్ల పట్టుదల.

ఆపరేషన్‌లో గడ్డ తీసినప్పుడు, రోగి ఒప్పుకుంటే, మాకు రెండు చిన్న ముక్కలు వచ్చేవి. ఒకటి గడ్డది, రెండోది దాని పక్కనే ఉన్న మంచి పేగుది. వాటి మీద పేర్లుండవు, అంకెలే. ప్రతి ముక్కలో సగం ఫ్రీజర్‌లో దాచిపెట్టి, మిగతా సగాన్ని నేను కడిగిన సీసాలో వేసి మందునీళ్ళు పోసేవారు. మాంసమంతా కరిగిపోతుంది, ప్లాస్టిక్ కరగదు. ఆ నీళ్ళని పల్చటి పొర మీద వడకట్టి, మిగిలిన నలుసుల్ని లెక్కపెట్టి, అవి ఏ ప్లాస్టిక్కో యంత్రంలో చూడాలి. అలా నలభై మంది ఇచ్చారు. ఆ నలభై మందిలో మా అక్క ఒకతె.

మా అక్క ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. ఆపరేషన్‌లో జానెడు పేగు పోయింది గానీ మూరెడు నోరు అలాగే ఉంది. ముక్క ఇస్తారా అని డాక్టరు మొహమాటంగా అడిగితే, నాకెలాగూ పనికిరాదు, పట్టుకుపొండి, మీకైనా పనికొస్తుంది అని సంతకం పెట్టింది. అప్పటినుంచీ రోజూ సాయంత్రం నేను ఇంటికి రాగానే, నా ముక్కలో ఏం దొరికింది అని అడిగేది. ఏది నీదో ఎవరికీ తెలియదే అంటే, నలభైలో ఏదో ఒకటి నాదేగా, అన్నీ జాగ్రత్తగా చూడమను అనేది.

లెక్క పూర్తయిన రోజు కొంగపిల్ల నన్ను చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నది ఆ పిల్లే. దాదాపు ప్రతి ముక్కలోనూ వందలకొద్దీ నలుసులు దొరికాయని, ఇన్ని ఉంటాయని తానే అనుకోలేదని గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. నేను ఒక కన్ను మూసి చూశాను. తెల్లటి పొర మీద ఆకుపచ్చ పోగులు, ముక్కలు ముక్కలుగా, కొసలు చీలి ఉన్నాయి.

"ఈ పచ్చవే ఎక్కువ పిన్నీ. నైలాన్ అని చెబుతోంది యంత్రం," అంది.

సంతలో తప్పిపోయిన పిల్లవాణ్ణి తల్లి ఎంత దూరం నుంచైనా గుర్తుపడుతుంది. నేనూ అలాగే గుర్తుపట్టాను. బాగుంది తల్లీ అని మాత్రం అని, కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

మా గదిలోకి ప్లాస్టిక్ రాకూడదని గోడ మీద కాగితం అంటించి ఉంది. పళ్ళేలు స్టీలువి, సీసాలు గాజువి, కోట్లు నూలువి, నేను వాడాల్సిన బ్రష్ జంతువుల వెంట్రుకలతో చేసింది. ఆ బ్రష్‌తో వచ్చిన తంటా ఏమిటంటే, సీసా మెడ కింద వంపులోకి అది పోదు. అక్కడ నీళ్ళ తెలుపు ఒక చారలా ఉండిపోయేది. ఆ చారని చూసి నేను ఊరుకోలేకపోయాను. ఇంట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ తెచ్చి, వేలెడు వెడల్పున కత్తిరించి, స్టీలు పుల్లకి చుట్టి, ఆ వంపులో అరగంట తోమేదాన్ని. సీసా తళతళలాడేది. గుడ్డలా గరుగ్గా ఉండే ఆ వస్తువు కూడా ప్లాస్టిక్కేనన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. కంచే చేను మేసిందంటే ఇదే.

ఇంకా ఘోరం ఉంది. ఖాళీ సీసా అని ఒక పద్ధతి ఉంటుంది. ముక్కేమీ వెయ్యకుండా వట్టి మందునీళ్ళు పోసి, మిగతా పనంతా మామూలుగా చేసి లెక్కపెడతారు. అందులో ప్లాస్టిక్ దొరికితే అది రోగి ఒంట్లోది కాదు, మన గదిలోది అన్నమాట. కొంగపిల్ల ఈ పద్ధతి తప్పకుండా పాటించింది. పాటించినా తప్పు దొరకలేదు. ఎందుకంటే ఖాళీ సీసాల కోసం ప్రత్యేకంగా పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త సీసాలు వాడింది. వాటికి కొత్తవైతే ఇంకా శుభ్రంగా ఉంటాయి తల్లీ అని సలహా ఇచ్చింది కూడా నేనే. నేను తోమిన సీసా ఒక్కటి వాడి ఉంటే మొదటిరోజే నా గుట్టు బయటపడేది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో నా పిడికెడే పెద్దది.

మూడు నెలల్లో ఆ పిల్ల కమిటీ ముందు నిలబడాలి. ఆ కమిటీలో బయటినుంచి ఒకాయన వస్తాడు. మా వాళ్ళు ఆయన్ని గొడ్డలి మాస్టారు అంటారు. ఇలాంటి పరిశోధనలు రెండింటిని ఆయన ఒకే ఒక్క ప్రశ్నతో నరికేశాడట: ఈ ప్లాస్టిక్ రోగిదా, మీ గదిదా? ఆయన కాదంటే నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆ సాయంత్రం నాకు మింగుడుపడక కంచం ముందు కూర్చుని ఉంటే అక్క కనిపెట్టేసింది. చెప్పక తప్పలేదు. చెబితే నా ఉద్యోగం పోతుంది, అమ్మాయి చదువూ పోతుంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదేమో అని కూడా నసిగాను. అక్క అంతా విని, మంచినీళ్ళు తాగి, తాపీగా అంది:

"నా పేగు కోయించుకుని ఇచ్చింది నీ గిన్నెలు తోమే ముక్కని లెక్కపెట్టడానికటే?"

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. అక్క నన్ను ఓదార్చలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను వచ్చి చెబుతాను అని నా కంచం తీసేసింది.

మర్నాడు మా పరిశోధనశాల పెద్ద మేడమ్ ఎదుట, కొంగపిల్ల ఎదుట, తెల్ల కాగితం మీద ఆ పచ్చ ముక్కలు పరిచాను. జరిగిందంతా చెప్పాను. మా పెద్ద మేడమ్ గొంతు పెంచదు, పెదవులు బిగిస్తుంది. అంతకంటే తిడితేనే నయం. కొంగపిల్ల ఒక పోగు చిన్న పట్టకారుతో తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది, తర్వాత యంత్రంలో పెట్టింది. అదే అని ఒక్క మాట అని, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నా జన్మలో నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ పిల్ల వీపు చూస్తూ నిలబడ్డ ఆ కాసేపు ఒక ఎత్తు.

ఫ్రీజర్‌లో దాచిన సగం ముక్కలున్నాయి, వాటితో మళ్ళీ మొదలుపెట్టవచ్చు అంది మేడమ్. అయితే అదే ఆఖరి అవకాశం. అవీ పాడైతే ఇక ముక్కలు లేవు. కనక ఈసారి సీసాలు వేరే విభాగంలో కడిగిద్దామని, నన్ను కిందికి, సామాన్ల గదికి మారుస్తానని చెప్పింది. నేను తల ఊపాను. న్యాయమే కదా. అప్పుడు కొంగపిల్ల లోపలికి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, గడ్డలోనూ పక్కనున్న మంచి పేగులోనూ లెక్క ఒకేలా ఎందుకొస్తోందో ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు. ఈ పచ్చదంతా రెండింటినీ కప్పేసింది. ఇది తీసేస్తే కింద ఏముందో చూడాలి. సీసాలు పిన్నే కడగాలి. తప్పు ఎలా జరుగుతుందో ఇక్కడ తెలిసింది ఆవిడొక్కదానికే."

మేడమ్ నా చేతుల వంక చూసింది. చివరికి ఒక షరతు పెట్టింది. నేను కడిగిన ఖాళీ సీసాల్లో వరసగా ఐదు రోజులు ఒకటికి మించి నలుసు కనిపించకూడదు. అంతవరకూ ఫ్రీజరు తలుపు తెరవడానికి వీల్లేదు.

స్క్రబ్బర్ మానేశాక తొలి ఖాళీ సీసాలో ఎన్ని వచ్చాయనుకున్నారు? పంతొమ్మిది. నా పాపం పోయినా ఊరి పాపం మిగిలే ఉంది. ఈసారి నాకు సిగ్గు వెయ్యలేదు, కోపం వచ్చింది. దొంగని పట్టుకోవాలంటే దొంగే వెళ్ళాలన్నట్టు బయల్దేరాను.

ముందు మా నూలు కోట్లు పట్టుకున్నాను. నూలువే, కానీ వాటిని ఉతికేది కింద లాండ్రీలో. ఆసుపత్రి కిటికీల పరదాలతో కలిపి ఒకే మెషీన్‌లో వేస్తున్నారు. పరదాలు పాలియెస్టరువి. వాటి నూగంతా తెచ్చి మా కోట్లే గదిలో దులుపుతున్నాయి. ఆ రోజునుంచీ కోట్లు నేనే స్టీలు తొట్టిలో విడిగా ఉతికాను. లెక్క పదకొండుకి దిగింది. తర్వాత కొళాయి మూతి విప్పి చూస్తే లోపల పాతబడి చిరుగులు పడ్డ ప్లాస్టిక్ జల్లెడ. పీకి పారేశాను. ఆరుకి దిగింది. సీసా మూతుల లోపలి ప్లాస్టిక్ బిళ్ళలు తీసేసి, అల్యూమినియం రేకు కాల్చి కప్పాం. మూడు. సీసాల్ని యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, కొలిమిలా వేడెక్కే పెట్టెలో కాల్చి తీసేదాన్ని. మెడ కింద చార కొంచెం మిగిలేది. మెరుపు తగ్గింది, శుభ్రం పెరిగింది. ఆ రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆ మూడు మాత్రం వారం రోజులు మమ్మల్ని ఏడిపించాయి. ఒక పొద్దున వరండాలో నిలబడి ఉంటే, ఊడ్చే ఆయన చీపురు మా తలుపు సందు దగ్గర టపటపా కొట్టడం చూశాను. చీపురు నిండా నీలం ప్లాస్టిక్ పుల్లలు. ఒక్కో దెబ్బకి కొసలు అరిగి గాలిలో కలుస్తున్నాయి. వెళ్ళి చెబితే ఆయనకి ఒళ్ళు మండింది. ఈ వరండాలో ఇసుక రేణువు చూపిస్తే ఉద్యోగం మానేస్తానన్నాడు. అచ్చం నేను మాట్లాడినట్టే ఉంది. కాబట్టి వాదించలేదు. లోపలికి తీసుకెళ్ళి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ముందు నా పచ్చ పోగులు చూపించి నా కథ చెప్పాను, తర్వాత ఆయన నీలం పుల్లలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, తడిగుడ్డ పెడితే సరిపోతుందా అమ్మా అని అడిగాడు.

ఒకటి. సున్నా. సున్నా. ఒకటి. సున్నా. ఐదో రోజు సాయంత్రం మేడమ్ ఫ్రీజరు తాళం తీసి కొంగపిల్ల చేతిలో పెట్టింది.

ఈసారి ఏ సీసాలో గడ్డ ఉందో, ఏ సీసాలో మంచి పేగు ఉందో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదని ఏర్పాటు చేశారు. అసలు జాబితా మేడమ్ దగ్గర. మొదటి సీసాలో పద్నాలుగు. ముందు వందలు వచ్చిన చోట పద్నాలుగు. కొంగపిల్ల ముఖం పాలిపోయింది. తర్వాతి దానిలో తొమ్మిది. ఇంకోదానిలో ఇరవై ఆరు. ఎనభై సీసాలు లెక్కపెట్టడానికి నెలకి పైనే పట్టింది. ఆ నెలంతా నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడితే నోట్లోంచి కూడా ఏదో రాలుతుందేమోనని భయం.

జాబితా విప్పిన రోజు మేడమ్ ఒక్కో జత చదువుతుంటే కొంగపిల్ల కాగితం మీద గీతలు గీసింది. గడ్డలో ఎక్కువ. గడ్డలో ఎక్కువ. సమానం. గడ్డలో ఎక్కువ. పది దాటేసరికి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడి గీస్తోంది. నలభై జతల్లో ముప్పై నాలుగింటిలో గడ్డ వైపే ఎక్కువ. ఎన్నడూ గొంతు పెంచని మా మేడమ్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. పక్క గదివాళ్ళు ఏం విరిగిందోనని పరిగెత్తుకొచ్చారు. నేను కొంగపిల్లని పట్టుకుని ఏడ్చేశాను.

కమిటీ రోజున నన్ను పిలుస్తారని ఎవరూ అనుకోలేదు. గొడ్డలి మాస్టారు అంతా విని తన ప్రశ్న తాను వేశాడట. కొంగపిల్ల ఖాళీ సీసాల లెక్క చూపించిందట, పంతొమ్మిది నుంచి సున్నా దాకా, ఒక్కరోజు కూడా దాచకుండా. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇవి కడిగిందెవరు, పిలవండి అన్నాడట. తడిచేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. నెరిసిన గడ్డం, సన్నటి మనిషి. గొడ్డలి ఏదీ కనిపించలేదు.

ఎలా కడిగారో చెప్పమన్నాడు. ముందు ఎలా చెడగొట్టానో చెప్పి, తర్వాత ఎలా కడిగానో చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కొంగపిల్ల వైపు తిరిగి, అయితే ప్లాస్టిక్ వల్లే కాన్సరు వస్తోందంటావా అని అడిగాడు. అది ఉచ్చు అని నాకు కూడా తెలిసింది.

"అనలేనండీ," అంది కొంగపిల్ల. "గడ్డ ఉన్నచోట ఎక్కువుందని చెప్పగలను. ప్లాస్టిక్ ముందొచ్చి గడ్డ వచ్చిందో, గడ్డే దాన్ని పోగుచేసుకుందో నాకు తెలియదు. అది తెలుసుకోవాలంటే ముందు ఈ లెక్క నిజమై ఉండాలి. ఇది నిజం."

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఈ మాట వినడానికే ఇన్నాళ్ళూ అందరినీ విసిగిస్తున్నానని, ఈ లెక్క నిలబడుతుందని, ఇక చదువు పూర్తిచేసుకోవచ్చని చెప్పాడు. మేడమ్ కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం నోరు ఊరుకోలేదు.

"అయ్యా, మీ దగ్గర సీసాలు ఎవరు కడుగుతారండీ?"

ఆయన చెప్పబోయి ఆగాడు. దేశదేశాల్లో ఆయన లెక్కలు చదువుతారు. గడ్డల్లో ప్లాస్టిక్ మీద అందరికంటే ముందు రాసింది ఆయనే. నేను తప్పు మాట్లాడానేమోనని కొంగపిల్ల వైపు చూశాను. ఆ పిల్ల నావైపు చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి తన పరిశోధనశాలకి చేశాడు. మన సీసాలు కడిగే ఆవిడ పేరేంటి అని అడిగాడు. అటువైపు ఎవరికీ వెంటనే తెలియలేదనుకుంటాను, చాలాసేపు ఆగాల్సి వచ్చింది. పేరు చెప్పాక దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. ఆవిడని పిలవమన్నాడు. ఆవిడ లైన్లోకి వచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఇన్నేళ్ళుగా నేను మిమ్మల్ని అడగవలసింది అడగలేదు. మీరు సీసా ఎలా కడుగుతారో మొదటినుంచీ చెప్పండి. నేను రాసుకుంటాను."

కమిటీ మొత్తం కూర్చుని ఉండగా ఆయన పదకొండు నిమిషాలు రాసుకున్నాడు. మధ్యలో ప్లాస్టిక్ బ్రష్ అన్న మాట రాసి, దాని కింద రెండుసార్లు గీత గీశాడు. ఫోన్ పెట్టేసి, కొంగపిల్ల కాగితం మీద సంతకం చేసి, నా లెక్కలన్నీ మళ్ళీ మొదలుపెట్టాలి అని మామూలు గొంతుతో చెప్పాడు. తర్వాత నాకేసి తిరిగి, సోమవారం మా దగ్గరికి రాగలరా, ఆవిడకీ నాకూ నేర్పాలి అని అడిగాడు.

వస్తానన్నాను. కొంగపిల్ల నన్ను ఎత్తేసినంత పని చేసింది. సన్నటి పిల్ల, నన్ను ఎత్తడం ఆమె తరమా, ఇద్దరం కలిసి పడబోయి గోడ పట్టుకుని నిలబడ్డాం. నవ్వుతున్నామో ఏడుస్తున్నామో చూసేవాళ్ళకి తెలిసి ఉండదు. మేం గెలిచాం. తప్పు చెప్పుకుని మరీ గెలిచాం.